ఆఫ్ అయిన అలారం

బురుల్చా నేల తుడుస్తూ షెడ్డు మధ్యకి వచ్చేసరికి అలారం మోగింది. మాప్ అక్కడే పడేసి బయటికి పరుగెత్తింది. ఆ ఉదయం ఇది రెండోసారి. మంచులో రెండుచోట్ల కూలబడి లేచి, పనివాళ్ళు చలికాచుకునే ఇనపగదిలోకి వచ్చి పడింది.

పొట్టి మనిషి. రెండు స్వెట్టర్ల మీద కంపెనీ కోటు, తలకి పూల రుమాలు, మందునీళ్ళకి పగిలిన వేళ్ళు. ఆ షెడ్డులో బంగారం ఉన్న రాతిపొడిని సైనైడు నీళ్ళలో నానబెడతారు. గాలిలో విషం పెరిగితే అలారం మోగాలి. నిన్నటినుంచి అది ఊరికే మోగుతోంది.

పంపులు చూసే ఇషేనాలి అప్పటికే పొయ్యి దగ్గర ఉన్నాడు. ఆమె ఊరివాడే.

"నిన్ను పరుగుపందేనికి పంపితే బహుమతి గొర్రె మనదే అక్కా!"

"నవ్వు, నవ్వు. విషం పీల్చినప్పుడు తెలుస్తుంది."

"ఏ విషం? ఆ పెట్టెకే జలుబు చేసింది."

కాసేపటికి కరెంటువాడు తల లోపలికి పెట్టి, హారన్ తీగ ఊడదీశామన్నాడు. బాగయ్యేదాకా అలారం కంట్రోల్ రూములోనే మోగుతుందట. రేడియోలో చెప్పేదాకా ఎవరూ కదలొద్దట.

రేడియో అంటే ఇంగ్లీషు. దాన్ని తమ కిర్గిజ్ భాషలో చెప్పే నూర్జమాల్ ఎక్కిన బస్సు కనుమ దగ్గర మంచులో ఇరుక్కుంది.

బురుల్చా గొర్రెలకాపరుల గుడారంలో పుట్టింది. పెళ్ళయ్యాక సర్కారు పాడిశాలలో పాలు పితికింది. ఆ పాడిశాల మూసేస్తున్నామని ఎవరో రష్యన్‌లో చదివినప్పుడు, బహుమతులు ప్రకటిస్తున్నారనుకుని చప్పట్లు కొట్టింది. అప్పటినుంచి అర్థంకాని మాట వినిపిస్తే ముందు ఎదుటివాళ్ళ మొహం చూస్తుంది. భర్త పోయిన కబురు కూడా డాక్టరు మొహంలోనే చదువుకుంది. కానీ రేడియోకి మొహం లేదు.

అది గరగరమంది. విదేశీ మేనేజరు గొంతు. గాలిహోరులో ముక్కలే తెలిశాయి. "అలారం... గాన్ ఆఫ్..."

ఇషేనాలి లేచాడు. "ఆఫ్ అయిందట. పద, పంపు గడ్డకట్టేస్తుంది."

"ఆ గొంతు బాగాలేదు తమ్ముడూ."

"ఆయన గొంతు ఎప్పుడు బాగుంది? గాన్ అంటే పోయింది. ఆఫ్ అంటే ఆఫే. దీనికి నూర్జమాల్ కావాలా?"

బురుల్చా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల వచ్చేదాకా ఆగు. నా మాట విను."

అతను మెల్లగా విడిపించుకున్నాడు. "నువ్వు టీ పెట్టు. అంతా బాగుంటే తలుపులోంచి చెయ్యూపుతా."

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. షెడ్డు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. చెయ్యి కనిపించలేదు. కెటిల్ మరిగి మూత కొట్టుకోసాగింది. అయినా చెయ్యి కనిపించలేదు. షెడ్డు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పేరుపెట్టి అరిచింది. గాలిహోరులో ఆ అరుపు తనకే వినిపించలేదు. అప్పుడు కంట్రోల్ రూము వైపు పరుగెత్తింది. మేనేజరుకి షెడ్డు చూపించి, "ఇషేనాలి! ఇషేనాలి!" అంది. ఆయన మొహం పాలిపోవడం చూసింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మాస్కులు వేసుకున్నవాళ్ళు అతన్ని టార్పాలిన్ మీద మోసుకొచ్చారు. మీసాల మీద పడిన మంచు కరగలేదు.

నూర్జమాల్ వచ్చి మేనేజరుతో మాట్లాడి, ఇనపగదిలో బురుల్చా పక్కన కూర్చుంది. ఇరవై దాటని పిల్ల.

"అలారం గాన్ ఆఫ్ అంటే మోగిందని అక్కా. మళ్ళీ మోగింది, ఎవరూ వెళ్ళొద్దని మేనేజరు అన్నాడట."

"ఆఫ్ అంటే ఆగిపోవడం కాదా?"

"దీపానికైతే ఆరిపోవడం. పాలకైతే విరిగిపోవడం. అలారానికి మోగడం."

"ఒకటే మాటా?"

"ఒకటే."

బురుల్చా రేడియో వైపు చూసింది. అది మళ్ళీ గరగరమంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. "మరి మనిషికైతే?"

నూర్జమాల్ తల దించుకుంది. "వెళ్ళిపోయాడని."

పొయ్యి గొట్టం మీద ఆరేసిన ఇషేనాలి ఉన్ని చేతితొడుగుల నుంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది.