మామిడి చిగురు రంగు

రాజ్యలక్ష్మి చీర కొంగును మోచేతి మీద పరచుకుని, కిటికీ దగ్గరకు జరిగి, అంచు లోపలి వైపు వేలితో రుద్ది చూసింది. గరుకు లేదు. ఫోను అందుకుని ఒక్క వేలితో టైపు చేసింది: "మెత్తని నూలు. అంచు మెడకు గుచ్చుకోదు. ఎండల్లో రోజంతా కట్టుకోవచ్చు. జాకెట్టు గుడ్డ రాదు, విడిగా చూసుకోవాలి." మళ్లీ చదివి, 'చూసుకోవాలి' తీసేసి 'చూసుకోండి' అని పెట్టింది.

విజయవాడ పటమటలో రెండో అంతస్తు ఫ్లాటు అది. మనోజ్ఞ అక్కడ ఆన్‌లైన్‌లో చీరల వ్యాపారం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఫొటోలు ఆమె తీస్తుంది. వాట్సాప్‌లో మెసేజీలు రాజ్యలక్ష్మి రాస్తుంది. రాజ్యలక్ష్మికి యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లు బట్టల కొట్టులో నిలబడి చీరలు విప్పి చూపించడం వల్ల కాళ్ల నరాలు ఉబ్బాయి. కూర్చున్నప్పుడల్లా ఎడమ మడమతో కుడి పిక్క రుద్దుకుంటుంది. పుట్టింది చల్లపల్లి దగ్గర నేతవాళ్లింట్లో. రంగుల ఇంగ్లీషు పేర్లకు ఆమె నోరు తిరగదు. గోంగూర కాడ రంగు, ఉల్లిపొర రంగు, మామిడి చిగురు రంగు అనే రాస్తుంది.

ఆ మామిడి చిగురే ఇప్పుడు మీదికొచ్చింది. పదిహేను రోజుల్లో మూడు చీరలు తిరిగొచ్చాయి. ఫొటోలో ఎర్రగా ఉంటే లైటు వల్లేమో అనుకున్నామనీ, పేరు చూసి ఆకుపచ్చేననుకున్నామనీ కొన్నవాళ్లు రాశారు.

"ఈ రంగు వల్ల ఇంకొక్క బేరం పోయినా, రాసే పని మా తమ్ముడికిచ్చేస్తానాంటీ" అని పొద్దున్నే చెప్పింది మనోజ్ఞ. తమ్ముడు జయంత్ ఈమధ్యే చదువు పూర్తిచేసి ఇంట్లో ఉన్నాడు.

ఒంటిగంట దాటాక భిలాయి నుంచి సింధూరి అనే ఆవిడ మెసేజీ పెట్టింది. "మామిడి చిగురు రంగువి రెండు కావాలండీ. ఇప్పుడే పే చేసేస్తా."

రాజ్యలక్ష్మి వేలు ఆగింది. ఈవిడ ఎలాంటి మనిషో! ఎప్పుడైనా మామిడి చెట్టు చూసిందో లేదో. చూసినా, చిగురేసినప్పుడు చూసిందో లేదో.

"ఎందుకోసమండీ?" అని అడిగింది.

"తమ్ముడి గృహప్రవేశం. నాకూ మరదలికీ ఒకేలా. ఆకుపచ్చ శుభం కదా!"

ఊరుకుంటే రెండు చీరలూ ఈపూటే వెళ్లిపోతాయి. తిరిగొస్తే వారం తర్వాతి మాట. కానీ గృహప్రవేశం వాటికోసం ఆగదు. రాజ్యలక్ష్మి చీర చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

"రత్తయ్యా, గోడవతల మామిడికి చిగురుందేమో చూడు."

వాచ్‌మన్ రత్తయ్య కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు. "ఏంటక్కా, పచ్చడి చేస్తావా?"

"చీరకి సాక్ష్యం కావాలయ్యా. లే."

"చీరల మీద కూడా కేసులేనా!" అంటూ కొమ్మ వంచి ఓ రెమ్మ తుంచి ఇచ్చాడు.

ఆ లేత ఆకును చీర మీద పెట్టి ఫొటో తీసింది. రెండూ ఒకటే రంగు. "మా వైపు మామిడి చిగురంటే ఇదండీ. రాగి చెంబులా ఉంటుంది. ముదిరితేనే పచ్చన. మీకు ఆకుపచ్చే కావాలంటే ఇది తీసుకోకండి" అని రాసి పంపింది.

నీలం టిక్కులు పడ్డాయి. పైకెక్కి వచ్చేసరికి జవాబుంది. "అయ్యో, నేను ఆకు రంగనుకున్నానండీ. అయితే వద్దులెండి. మంచిపని చేశారు."

భుజం మీదుగా చదివిన మనోజ్ఞ నుదురు కొట్టుకుంది. "అమ్మమంటే వద్దని చెప్తారేంటాంటీ?"

"ఉన్న రంగు చెప్పానమ్మా. కట్టుకునేది ఆవిడ కదా."

"మీరు రేపట్నించి ప్యాకింగ్ చూసుకోండి. రాయడం జయంత్ చూస్తాడు." ఆ గొంతులో కోపం కంటే ఇబ్బందే ఎక్కువ.

రాజ్యలక్ష్మి చీరను మడతలు కలిసేలా సర్ది బల్ల మీద పెట్టింది. ఫోను ఛార్జింగుకు తగిలించింది.

"మనిషితో మాట్లాడకుండా చీరలు మడతెయ్యడం నాకు చేతకాదమ్మా. రేపట్నించి రాన్లే" అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "భోంచెయ్యి, రెండు దాటింది" అని చెప్పి, కంకిపాడు బస్సు కోసం బయల్దేరింది.

సాయంత్రం జయంత్ ఆ పొద్దున్నే వచ్చిన నల్ల చీరకు మెసేజీ రాస్తూ తలెత్తాడు. "అక్కా, ఇది రంగు పోతుందా?"

మనోజ్ఞ చీరను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇలాంటివన్నీ ఆంటీకి మాత్రం ఎలా తెలిసేవి? తనెన్నడూ అడగలేదు. ఆలోచిస్తూనే వెనక కిటికీ వెయ్యబోయింది.

చువ్వకు క్లిప్పుతో తగిలించిన తెల్లటి గుడ్డముక్క ఒకటి, తడిపి రుద్దిన ముడతలతోనే ఆరి, గాలికి నెమ్మదిగా కదులుతోంది. దాని ఒక మూల, వేలిముద్రంత మేర, ఆ చీర నల్ల రంగు అంటుకుని ఉంది.