ఎక్స్‌రే ఫిల్మ్‌లో మల్లెతీగ

నంద్యాలలో కొత్తింటి హాలు గోడకు మల్లెతీగ అచ్చు వేయాలని యామిని ముచ్చటపడింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెలో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి దొరికింది. దాంట్లో బ్లేడుతో ఆకులూ పూలూ కోసి, గోడకు ఆనించి, స్పాంజితో రంగు అద్దింది. గోడ కళకళలాడింది.

మర్నాడు ఆళ్లగడ్డ నుంచి నాయన వచ్చి గోడను మెచ్చుకున్నాడు. ఫిల్మ్‌ను కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తూ ఆగిపోయాడు.

“ఇది మీయమ్మ చెయ్యి ఇరిగినప్పుడు తీసింది గదమ్మా?”

యామిని దగ్గరికొచ్చి ఫిల్మ్‌లోకి చూసింది. పోయినేడు చనిపోయిన అమ్మ, ముఖాన్నే కాదు, ముగ్గేసే చేతిని కూడా ఏనాడూ ఫోటో తీయనివ్వలేదు. కోసే ముందు ఒక్కసారి వెలుగుకు పట్టి చూసుంటే ఏం పోయేది!

“మణికట్టే మిగిలిండాది. వేళ్లుండే ముక్కలు యాడ పెట్టినావ్?”

వాటిని పొద్దున్నే ఊడ్చి, తనే చెత్తబండిలో వేసింది.