ఊడిన పెచ్చు

గిన్నెను చూడగానే రూప్లి గుర్తుపట్టింది. పోయిన ఏడు దానికి నీలం పూత పోసింది తనే మరి.

పోత ఇనుప గిన్నె. ఖాళీదే పన్నెండు కిలోలు తూగుతుంది. పెళ్లప్పుడు జోజమ్మ తన కూతురు గ్రేస్‌కు ఇచ్చింది. బూర్గంపాడు చర్చిలో ఆడవాళ్ల మీటింగు ఏదైనా సరే, కూర అందులో ఉడకాల్సిందే. ఇప్పుడు దాన్ని సంచిలో వేసుకుని గ్రేస్ మొగుడు ప్రభు వచ్చాడు.

"ఏంది తమ్మీ, ఆదివారం పొద్దుగాల్నే? ప్రార్థనకు పోలేదా?"

"యాడి ప్రార్థన అక్కా! గ్రేస్ భద్రాచలం దవాఖానల ఉంది గద. బాత్రూంల జారిపడ్డది. నాలుగు రోజులైంది, ఇంక మాట రాలే. రేపు ఇంటికి తీస్కపోతున్న. వచ్చేసరికి గిన్నె కొత్తగ కనబడితే సంబురపడ్తది. లోపల పూత అరిగింది సూడు. ఇయ్యాల్నే చేసియ్యాలె."

రూప్లిది రోడ్డు పక్కన రేకుల షెడ్డు. హైదరాబాదులో ఇనుప పాత్రలకు గాజుపూత వేసే ఎనామిల్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, ఒక పాత కొలిమి కొనుక్కుని వచ్చేసింది. పూత అరిగిన పాత్రలకు చుట్టుపక్కల ఆమె ఒక్కతే దిక్కు.

గిన్నెను వెలుగులోకి తిప్పింది. లోపల అరుగుదల నిజమే. స్టీలు గరిటె పెట్టొద్దని గ్రేస్‌కు వందసార్లు చెప్పింది, వింటేగా. ఆ నునుపు పోయి మసకబారింది. అరుగుదల అట్లాగే ఉంటుంది, నెమ్మదిగా, బియ్యం కడిగినట్టు.

గిన్నెను బోర్లించింది. అడుగు అంచున రూపాయి బిళ్లంత చోట పూత పగిలింది. ఇది అరుగుదల కాదు, దెబ్బ. కింద ఇనుము మీద పల్చటి ఎర్ర తుప్పు. గోదారి గాలికి బట్టబయలైన ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబారుతుంది. వారం దాటితే పొక్కులు కడుతుంది. అంటే ఈ దెబ్బ మూడు నాలుగు రోజులది. పగిలిన పెచ్చు ఇంకా పూర్తిగా ఊడలేదు. దాని కింద నల్లగా గడ్డకట్టిన నెత్తురు. ఆ నెత్తురులో గోరింటాకు రంగు పొడుగాటి వెంట్రుక, గ్రేస్ జుట్టు రంగే.

ప్రభు ఆమె చూపు ఎక్కడుందో చూశాడు.

"సళోయి వండినం అక్కా," అన్నాడు నవ్వుతూ. "మేక నెత్తురు కూర. మీ తండోళ్ల లెక్కనే. గ్రేస్ నీ తాననే నేర్చుకుంది గద!"

రూప్లి నోరు ఎప్పుడూ చేతికంటే ముందే పరుగెత్తుతుంది.

"గిన్నె బోర్లించి అడుగు మీద వండిన్రా తమ్మీ?"

అనేశాక గాని తెలియలేదు, ఏమన్నదో.

ప్రభు నవ్వు ఆగిపోయింది. వెనక్కి నడిచి షట్టరు కిందికి లాగాడు. బల్ల మీదున్న ఆమె ఫోనును నేలకు కొట్టి మడమతో తొక్కాడు. మూలనున్న ఇనుప రాడ్డు తీసుకుని, మారు మాట లేకుండా ఆమె భుజం మీద వేశాడు. రూప్లి మోకాళ్ల మీద కూలింది.

"గోదాట్ల పారేద్దామనుకున్న," అన్నాడు, ఏదో లెక్క అప్పజెప్పినంత నిదానంగా. "కని మా అత్త ముసల్ది రోజూ అడుగుతది, గిన్నేదిరా అని. మీటింగు ఆడోళ్లు అడుగుతరు. గందుకే కాల్చు. గీకి, పోసి, కాల్చు. పదకొండున్నరకు ప్రార్థన అయిపోతది, జనం రోడ్డెక్కుతరు. గంతలోపు కావాలె."

"తర్వాత నన్నేం జేస్తవ్?"

"ముందుగాల పనిజెయ్."

జవాబు తెలిసిపోయింది. తన సంగతి అటుంచితే, రేపు గ్రేస్ ఆ ఇంటి గడప తొక్కితే మళ్లీ బతికి బయటికి రాదు. మాట రాని మనిషి. సాక్ష్యం చెప్పగలిగింది ఈ గిన్నె ఒక్కటే, దాన్ని తన చేతులతోనే తుడిచేయాలి.

రూప్లి లేచింది. తోలు గ్లౌజు అందుకుంటున్నట్టు వంగి, గిన్నె అంచున బొటనవేలితో నొక్కింది. పెచ్చు ఊడి అరచేతిలో పడింది, నెత్తురుతో, వెంట్రుకతో సహా. అట్లాగే ఆ కుడిచెయ్యిని గ్లౌజులోకి దూర్చింది.

గిన్నెను ఇసుక పెట్టెలో పెట్టి గాలి గొట్టం తెరిచింది. ఇసుక కీచుమంటూ కొడుతుంటే నీలం రంగంతా పొడిపొడిగా రాలింది. పూతకు అతుకు పనికిరాదు, పాతదంతా పోవాల్సిందే. ఇనుము బూడిద రంగులో బయటపడ్డాక గాజుపొడి కలిపిన చిక్కటి నీళ్లు, దోసెపిండిలాంటివి, లోపలా బయటా పోసింది. కొలిమి సెగకు ఆరబెట్టింది. ప్రభు గడియారం చూసుకుంటూ రాడ్డును తొడకు కొట్టుకుంటున్నాడు.

అతను కొలిమి వైపు తిరిగిన క్షణంలో రూప్లి ఎడమచేత్తో పిడికెడు ఇసుక తీసి, మళ్లీ ఇటు తిరగ్గానే మొహాన కొట్టి షట్టరు వైపు పరుగెత్తింది.

నాలుగడుగులు. జుట్టు దొరికింది. వెనక్కి గుంజి నేలకేసి కొట్టాడు. నుదురు చిట్లి కంట్లోకి నెత్తురు కారింది. కుడిచెయ్యి నేలమీద చాచి ఉంది. ప్రభు బూటు దానిమీద దిగింది. రెండు వేళ్లు పుటుక్కుమన్నాయి. లోపలున్న పెచ్చు అరచేతిలోకి దిగింది. రూప్లి గావుకేక పెట్టింది గాని, పిడికిలి విప్పలేదు.

"ఇంకోపాలి ఉరుకు, మెడ ఇరుస్త," అన్నాడు కళ్లు నలుపుకుంటూ.

"చెయ్యి ఇరగ్గొట్టినవ్. ఇగ గిన్నె ఎవలు లేపాలె? నువ్వే పెట్టుకో."

పొడుగాటి కొక్కెంతో ప్రభే గిన్నెను కొలిమిలోకి తోశాడు. రూప్లి గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో కుడి పిడికిలిని పట్టుకుని, కొలిమి తలుపు సందులోంచి గిన్నె రంగు చూసింది. ముందు నలుపు. తర్వాత ముదురెరుపు. తర్వాత మాగిన మామిడిపండు రంగు. పూత కరిగి మెరిసింది.

"తియ్యి."

ప్రభు తీసి ఇసుక తిన్నె మీద పెట్టాడు. గిన్నె నిప్పులా వెలుగుతోంది. షెడ్డంతా సెగ.

"ఎంతసేపు సల్లారాలె?"

"నాలుగు గంటలు."

బయట ఆటో హారన్ మోగింది. పదకొండున్నర కావస్తోంది. ప్రభు మొహం నిండా చెమట. మూలనున్న డ్రమ్ములో బకెట్ ముంచాడు.

పద్దెనిమిదేళ్లు కడుపులోకి ఇంకిన మాట రూప్లి నోటినుంచి దానంతటదే వచ్చేసింది. "నీళ్లు పొయ్యకు! పగుల్తది!"

"ఎవలకు జెప్తున్నవే?" ప్రభు తుపుక్కున ఉమ్మాడు. "కమ్మరోడు కత్తి ఎర్రగ కాల్చి నీళ్లలనే ముంచుతడు. సిన్నప్పట్సంది సూస్తున్న. జనం వచ్చెదాకా నన్ను ఈడ కూసోబెడ్దామనా?"

కత్తి వేరు, పోత ఇనుము వేరు. దానిమీద కరిగిన గాజు ఇంకా వేరు. చెప్పే సమయం లేదు. చెప్పినా నమ్మేవాడు కాదు. రూప్లి మోకాళ్లలో తల దాచుకుంది.

ప్రభు గిన్నె మీదికి వంగి బకెట్ కుమ్మరించాడు.

తుపాకీ పేలినట్టయింది. ఇనుము నిలువునా చీలింది. సలసల కాగే ఆవిరితో పాటు గాజు ముక్కలు రేకుల కప్పుకు, గోడలకు, ప్రభు మొహానికి తగిలాయి. అతను రెండు చేతులతో కళ్లు మూసుకుని అరిచాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది. అయినా వదల్లేదు. రాడ్డు దొరికించుకుని, చూపులేని దున్నలా నాలుగు దిక్కులా విసిరాడు. ఒక దెబ్బ కొలిమికి, ఒకటి డ్రమ్ముకు. మూడోది రూప్లి తలమీద వెంట్రుకవాసిలో పోయి గోడకు తగిలింది.

రూప్లి నేలమీది కొక్కెం ఎడమచేత్తో అందుకుంది. చేతనైనంత బలంగా అతని మోకాలి చిప్ప మీద వేసింది. ఎముక విరిగింది. పడ్డాడు. ఇంకొకటి, రాడ్డు పట్టుకున్న మణికట్టు మీద.

"గ్రేస్‌కు ఎన్ని ఏసినవ్?" అంది. జవాబు కోసం ఆగలేదు. భుజంతో షట్టరు లేపి రోడ్డు మీద పడింది.

ప్రార్థన నుంచి జనాన్ని తెస్తున్న బొజ్జయ్య ఆటో సడెన్ బ్రేకు వేసింది. లోపల బైబిళ్లు పట్టుకున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు.

"అయ్యో రూప్లక్కా! ఏందే ఈ నెత్తురు?"

"లోపల ఒకడున్నడు, షట్టరు దించి పోలీసులకు ఫోన్ కొట్టున్రి. బొజ్జన్నా, నన్ను భద్రాచలం దవాఖానకు తీస్కపో. గ్రేస్ ఉన్న వార్డుకు. జల్దీ!"

గోదారి వంతెన దాటి దవాఖానా చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు. డాక్టరు అడిగినా విప్పలేదు. "ఎస్‌ఐ రానీ సారూ," అని గ్రేస్ మంచం పక్కనే కూర్చుంది. గ్రేస్ తల చుట్టూ కట్టు. పక్కన జోజమ్మ, బిత్తరపోయి చూస్తోంది.

ఎస్‌ఐ మేడం వచ్చి నిలబడ్డాక నర్సు కత్తెరతో గ్లౌజు కోసింది. డాక్టరు పట్టకారుతో అరచేతిలోంచి నీలం పెచ్చును లాగి తెల్లటి ట్రేలో పెట్టాడు. నల్లటి నెత్తురు. దానికి అంటుకుని పొడుగాటి వెంట్రుక.

గ్రేస్ కళ్లు ట్రే మీద నిలిచాయి. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. మెల్లగా చెయ్యి లేపి, తల వెనక, కట్టు మీద పెట్టుకుంది. పెట్టి, ఎస్‌ఐ వైపు చూసింది.

"ప్రభేనా?" అని అడిగింది ఎస్‌ఐ.

గ్రేస్ తల ఊపింది.

జోజమ్మ రూప్లి వైపు తిరిగింది. "గిన్నేదే రూప్లీ?"

"పగిలింది పెద్దమ్మా."

"పోనీయ్," అంది జోజమ్మ, రేపటి డిశ్చార్జి కాగితాన్ని రెండుగా చింపుతూ.