రాయైన రవ్వలడ్డు

కళ్ళజోళ్ళ షాపాయన చెడ్డవాడేం కాదు. నలుగురు పోగైతే మాత్రం ఏదో ఒక హాస్యం విసరందే ఊరుకోలేడు. ఆ హాస్యానికి ఎప్పుడూ దొరికేది భార్య చేసే రవ్వలడ్డు. ఆవిడ పళ్ళెం తెచ్చి పెట్టడమే ఆలస్యం, "సుత్తి కూడా తెచ్చావా?" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వి లోపలికి వెళ్ళిపోయేది.

ఆమధ్య ఆవిడ మెట్ల మీద కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. చూడ్డానికి ఆవిడ తమ్ముడూ మరదలూ వస్తామన్నారు. తమ్ముడికి రవ్వలడ్డంటే ప్రాణం. ఈసారికి కొనుక్కొద్దామని ఆవిడంటే, అదేమన్నా బ్రహ్మవిద్యా, నువ్వు కూర్చుని చెప్పు, నేను చేసేస్తానన్నాడు షాపాయన.

నేతిలో జీడిపప్పు వేయించి తీశాడు. రవ్వ పోశాడు. సన్న సెగ మీద చెయ్యి ఆపకుండా కలపమంది. కాసేపటికే భుజం లాగి మంట పెంచేశాడు. అడుగు మాడితే, పైపైన బాగున్నది తీసుకున్నాడు. కోరిన కొబ్బరి పచ్చివాసన పోయేదాకా వేయించి, చక్కెర, యాలకుల పొడి కలిపాడు. కాచిన పాలు కొద్దికొద్దిగా చల్లుకుంటూ వేడి మీదే ఉండలు చుట్టమంది. పిడికిట్లోకి తీసుకోగానే అబ్బా అని వదిలేశాడు. అరచెయ్యి కందిపోయింది. ఇంత వేడి ఎలా పట్టుకుంటావని అడిగాడు.

"చల్లారితే ఉండ కట్టదు కదండీ" అంది.

ఇన్నేళ్ళలో లడ్డూలు చుట్టాక ఆ చేతులెలా ఉన్నాయో చూసిన గుర్తు లేదతనికి. అయినా చల్లారనిచ్చాడు. అంతా పొడిపొడిగా రాలిపోయింది. మళ్ళీ కాస్త వేడిచేసి రెండు చెంచాల పాలు చల్లమంటే వినకుండా, పాకం పట్టి పోసేశాడు. ఉండలు నున్నగానే వచ్చాయి. చుట్టాలొచ్చేసరికి రాళ్ళయ్యాయి.

బావమరిది ఒకటి కొరకబోయి, దవడ మార్చి మళ్ళీ కొరికి, చివరికి చేతిలోకి తీసుకుని చూశాడు. షాపాయన నోరు విప్పేలోపే భార్య అందుకుంది.

"మీ బావ చేతులు ఆడించారంతే, చెప్పిందంతా నేనే. పాకం ముదిరినట్టుంది, చూసుకోలేదు."

"అక్క చెయ్యి విరిగింది గానీ అక్క లడ్డు విరగదు బావా" అన్నాడు తమ్ముడు. మరదలు పగలబడి నవ్వింది. భార్యా నవ్వింది.

కాదు, ఆ పాకం నా నిర్వాకమే అనాలి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అతనూ వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఈసారి లేచి వెళ్ళేందుకు ఆవిడకి వంటింట్లో పనీ లేదు. కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆ నవ్వు ఆమె మొహం మీంచి ఎంత తొందరగా వెళ్ళిపోతుందో మొదటిసారి చూశాడు.

సాగనంపడానికి కిందిదాకా వెళ్ళి, కారు తలుపు పట్టుకుని, ఆవిడ చెప్పినట్టు చెయ్యనిది తనేనని బావమరిదితో చెప్పేశాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మరి అక్కని నాచేత అలా ఎందుకు అనిపించారు బావా?"

షాపాయన పట్టుకున్న తలుపు మెల్లగా వేసేశాడు.

పైకొచ్చి, నిజం చెప్పేశానని భార్యకి చెప్పబోయాడు. చెబుతుంటే తన గొంతులో మెప్పు కోసం ఆశ తనకే వినిపించి, సగంలో ఆగిపోయాడు. అయినా ఆవిడకి అర్థమైంది. ఎడంచేత్తో సోఫా మీద రాలిన పొడి దులుపుతూ అంది:

"నా ముందు చెప్పుంటే బాగుండేదండీ."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తనూ ఏదో ఒకటి అని సర్దుకునేవాడు. "ఇన్నాళ్ళూ నేను..." అని మొదలుపెట్టి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక వదిలేశాడు. ఆవిడ మిగతాది చెప్పమని అడగలేదు.

పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. తిరిగి ఆవిడ ఎదుటికి రావడానికి మొహం చెల్లక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.