పదమూడో పేజీతో మొదలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఇంకెవరైనా చెబుతారు. పేరు నాగవేణి. బళ్ళారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నాకు పెట్టుకున్న పేరు వేరే ఉంది. అది ఇక్కడ రాయను.

ఆ శనివారం కాలు కాలిన పిల్లిలా స్టాఫ్ రూములో తిరుగుతున్నాను. గురువారం ఉదయం పదీ నలభైకి మా పత్రిక విడుదల. టెలికమ్యూనికేషన్స్, సిగ్నల్ ప్రాసెసింగ్ పరిశోధనల కోసం ఆరు నెలలకొకసారి తేవాలనుకున్న పత్రిక. పేరు 'సంకేత'. మూడు వందల కాపీలు అచ్చయి వచ్చి, తాళ్ళతో కట్టిన కట్టలుగా నా బల్ల పక్కనే ఉన్నాయి. గది నిండా కొత్త కాగితం వాసన. పదకొండేళ్ళుగా ఎదురుచూసింది చేతికొచ్చినప్పుడు మనిషి హాయిగా కూర్చోవాలి. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు నటిస్తున్నానంతే.

పరిశోధన పత్రికకు ఒక పద్ధతి ఉంది. వచ్చిన వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపాలి. వాళ్ళు చదివి, తప్పులు పట్టి, సరే అన్నాకే అచ్చువేయాలి. మా మొదటి వ్యాసం మా డిపార్టుమెంటులోనే పనిచేసే బిందుశ్రీది. హుబ్బళ్ళిలో ఒకాయనకు పంపితే రెండు రోజుల్లోనే "చాలా బాగుంది" అని ఒక్క లైను రాసి పడేశాడు. రెండో ఆయన సీతారామారావుగారు. టెలిఫోను శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరై, సత్యనారాయణపేటలో ఉంటున్నారు. నెలన్నర దాటినా ఆయన ఉలకలేదు, పలకలేదు. ముహూర్తం ముంచుకొస్తోంది. ఆయన జవాబు రాకుండానే ప్రెస్సుకు పంపేశాను. ఇంకొకరెవరైనా ఈ పని చేసి ఉంటే నిలువునా కడిగేసేదాన్ని.

మిగతా నాలుగు వ్యాసాలూ పాత సంగతులే అటూ ఇటూ తిప్పి రాసినవి. కొత్తగా కొలిచి రాసింది బిందుశ్రీ ఒక్కతే. సిరుగుప్ప తాలూకా దేశనూరులో, కాలువ కింద వరిమడి గట్టున ఒక స్తంభం నాటాం. పైన పలకలాంటి యాంటెన్నా, కింద ఒక పెట్టె. మడిలో నీళ్ళు నిలిచినప్పుడు సెల్‌ఫోన్ సిగ్నల్ ఎలా మారుతుందో చూద్దామని మొదలుపెట్టిన పని అది. పెట్టె గంటగంటకూ సిగ్నల్ బలాన్ని రాసిపెట్టుకుంటుంది. నీళ్ళ సంగతి అటుంచితే, ఎనిమిది నెలలు కొలిచాం, నాలుగో నెలకే ఎవరూ అనుకోనిది బయటపడింది. ప్రతి అమావాస్యకూ సిగ్నల్ దబ్బున పడిపోతోంది!

మా చైర్మన్ గురునాథ్‌గారికి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గనులు, లారీల మీద ఎదిగిన కుటుంబం వాళ్ళది. కాలేజీ వాళ్ళ నాయన పెట్టింది.

"మన పెద్దోళ్ళు సుమ్నే, ఊరికే చెప్పలేదమ్మా," అన్నారు. "అమావాస్యకు పవర్ ఉండాది. మొదటి పేజీలో అదే ఎయ్యాల."

వేశాను. మొహమాటానికి కాదు. నాకూ అంత సంబరంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం టపాలో సీతారామారావుగారి కవరు వచ్చింది. లోపల చేతిరాతతో ఒకే కాగితం.

"అమ్మా నాగవేణీ, ఆలస్యానికి ఏమీ అనుకోకు, కంటికి ఆపరేషన్ అయింది. వ్యాసం శ్రద్ధగా రాశారు. ఒక్కటే సందేహం. చంద్రుడు రోజుకింత తరుగుతాడు, రోజుకింత పెరుగుతాడు. మీ సిగ్నల్ అలా తరగడం లేదు. అమావాస్య ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఒక్కసారిగా పడి, మూడో రోజుకు లేచి కూర్చుంటోంది. ఎనిమిది నెలలూ అదే వేళ. చంద్రుడికి ఆఫీసు టైము లేదు కదమ్మా, మనుషులకే ఉంటుంది. ఆ పూట అక్కడ ఎవరైనా నిలబడి చూశారా?"

మూడుసార్లు చదివాను. చెవులు వేడెక్కాయి. ముందు ఆయన మీద కోపమొచ్చింది, తర్వాత ఆయన కంటి డాక్టరు మీద. ఆ తర్వాత కోపగించుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. సోమవారమే అమావాస్య. ఆదివారమంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఆ పప్పు నోరెత్తకుండా తిన్నాడు. అది కూడా నా కోపానికి భయపడేనని అప్పుడు తోచలేదు.

సోమవారం పొద్దున్నే బిందుశ్రీని కారెక్కించుకుని బయల్దేరాను. ముప్పై దాటని పిల్ల, నెమ్మదస్తురాలు. ఒళ్ళో సంచి పెట్టుకుని దారి పొడవునా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

"ఏంది మేడమ్, ఇంత సడన్‌గా?" అని ఒక్కసారి అడిగింది.

"చూద్దాం పద," అన్నాను. ఉత్తరం సంగతి చెప్పలేదు.

కాలువ గట్టు మీద గంటసేపు నిలబడ్డాం. నేను నిలబడలేదు, అటూ ఇటూ నడిచాను. ఎనిమిదిన్నర కావస్తుండగా దురుగప్ప వచ్చాడు. ఆ మడి అతనిదే, మా పెట్టెను కనిపెట్టుకుని ఉండేదీ అతనే. తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, చేతిలో పళ్ళెంతో వచ్చాడు. ముందు నీళ్ళ మోటారుకు పూజ చేశాడు. తర్వాత ట్రాక్టరుకు. ఆ తర్వాత నేరుగా మా స్తంభం దగ్గరికి నడిచాడు.

కొత్త గుడ్డ ఒకటి కాలువలో ముంచి, పసుపు అద్ది, యాంటెన్నా చుట్టూ రెండు చుట్లు చుట్టాడు. గుడ్డ మీద తడి పసుపు మెత్తాడు. కుంకుమ బొట్లు పెట్టాడు. నీళ్ళోడుతున్న వేపమండల కట్ట వేలాడదీశాడు. టెంకాయ కొట్టి ఆ నీళ్ళన్నీ దాని నెత్తిన పోశాడు.

పెట్టెకు ఒక చిన్న తెర ఉంటుంది. దాని మీద అంకెలు నా కళ్ళముందే పడిపోయాయి. అంత తడిని దాటి సిగ్నల్ ఎలా వస్తుంది? ఫస్టియర్ పిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ తడి ఆరడానికి రెండు రోజులు పడుతుంది. మూడో రోజుకు సిగ్నల్ లేచి కూర్చుంటుంది.

తప్పు దురుగప్పది కాదు. ఈ సీమలో అమావాస్య వచ్చిందంటే లారీ గాని, పిండిమిషను గాని, కుట్టుమిషను గాని, పూజ లేకుండా ఉండదు. మా కాలేజీ జనరేటరుకు కూడా చేస్తారు. ఆ కొబ్బరి ముక్కలు ఇరవై రెండేళ్ళుగా నేనూ తింటున్నాను. అయినా నాకు తట్టలేదు. ఆకాశంలో చంద్రుణ్ణి పట్టుకున్నాననే సంబరంలో పక్కనున్న పసుపు గిన్నె కనిపించలేదు.

"ఏం మేడమ్, ఈ పొద్దు మీరే వచ్చినారు!" దురుగప్ప మొహం వెలిగిపోయింది. "మీ మిషన్‌ను ఏమీ కాకుండ చూసుకుంటాండా. ఒక్క అమావాస్య తప్పలే. పిడుగు పడలే, దొంగ ముట్టలే, చూడండి." కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టాడు.

"బాగా చూసుకున్నావప్పా," అన్నాను.

అతను ఎద్దుల కొట్టం వైపు వెళ్ళాక వెనక్కి తిరిగాను. బిందుశ్రీ సంచిలోంచి నీళ్ళ సీసా, పాత గుడ్డముక్క, గిన్నెలు తోమే పీచు తీసి గట్టు మీద వరుసగా పెట్టుకుంటోంది. తెమ్మని నేను చెప్పలేదు. ఆ చేతులకు పని అలవాటుగా ఉంది.

"నీకు తెలుసు," అన్నాను.

ఆమె పీచు వంకే చూస్తూ, "నాలుగో నెల చూసినా మేడమ్. అప్పట్నుంచి మూడో రోజు వచ్చి ఎండిన పసుపు గీకి పోతాంటి," అంది.

అంతే. నేను ఏమేమి అన్నానో రాయను. మడిలోని కొంగలు లేచిపోయాయి. కొట్టం దగ్గర దురుగప్ప ఆగిపోయి మావైపు చూశాడు. "మూడు వందల కాపీలు అచ్చయ్యాయి! ఇన్ని నెలలు నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నావా? ఎందుకు చెప్పలేదు?" అన్నది మాత్రం గుర్తుంది, నాలుగైదుసార్లు అన్నాను కాబట్టి.

బిందుశ్రీ ఏడవలేదు. తలెత్తి నా కళ్ళలోకి చూసింది. ఆ పిల్ల అలా చూడటం అదే మొదటిసారి.

"చెప్పేదానికే వచ్చినా మేడమ్. ఆ పొద్దు మీ రూములో హులిగేశ్ నిలబడి ఉండాడు. 'యాంటెన్నా ఒకసారి చెక్ చేస్తే మేలు మేడమ్' అన్నాడు, అంతే. బల్లలు తుడ్చుకునే నీకు సిగ్నల్ గురించి ఏం తెలుసని అందరి ముందర అంటిరి. ఆయప్ప డిప్లొమా చేసినోడు. నేను వాకిలి నుంచే ఎనక్కి పోయినా. మళ్ళా నెల చెప్దామంటే మీరు అప్పటికే చైర్మన్ సార్‌కు చెప్పేసినారు. ఇంగ నాకు నోరు రాలే."

హులిగేశ్ మా ల్యాబు టెక్నీషియన్. ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం కూడా లేదు. సిగ్గేసింది. అన్నందుకు కొంత, మరిచిపోయినందుకు ఎక్కువ.

తిరిగి రాగానే గురునాథ్‌గారి గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నాను. ఆయన సగం విని నవ్వారు.

"పూజ చేస్తే సిగ్నల్ పడిందంటావా? నా లారీలన్నిటికీ పూజ చేస్తాం, బండ్లు నడుస్తాలేవా?"

"సార్, పూజ వల్ల కాదు, తడి వల్ల."

"ఏదో ఒకటి. టీవీ వాళ్ళను పిలిచినా, అమావాస్య సంగతి అందరికీ చెప్పినా. అది ఉంటేనే పుస్తకం. తీసేస్తివా, రెండో పుస్తకం మాట నా దగ్గర ఎత్తొద్దు. ఆలోచన చేసుకో."

బయటికొచ్చి రెండు గంటలు కాలేజీ చుట్టూ తిరిగాను. ఎవరికి తెలుస్తుంది? మూడు వందల కాపీల్లో తెరిచి చూసేది ముప్పై మంది. వాళ్ళలో అర్థమయ్యేది ముగ్గురికి. సీతారామారావుగారు పెద్దమనిషి, ఊరంతా చాటడు. ఇప్పుడు ఊరుకుంటే పత్రిక బతుకుతుంది, తర్వాతి సంచికలో నెమ్మదిగా సర్దుకోవచ్చు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, ఏదీ నిలవలేదు. మన కాలువ గట్ల మీద, మన ఇనుప దుమ్ములో కొలిచిన లెక్కలను నమ్మి అచ్చువేసే చోటు ఒకటి ఉండాలని కదా ఇదంతా మొదలుపెట్టింది. మొదటి పేజీయే అబద్ధమైతే ఆ తర్వాతి లెక్కలను ఎవరు నమ్మాలి?

మంగళవారం కట్టలు విప్పాం. నేను, బిందుశ్రీ, హులిగేశ్. బ్లేడు మొదటిసారి పెట్టేముందు హులిగేశ్ వైపు తిరిగి, "ఆ పొద్దు నేనన్న మాట తప్పప్పా. మనసులో పెట్టుకోకు," అన్నాను.

"ఏ మాట మేడమ్?" అన్నాడు, స్కేలు సరిచేసుకుంటూ. నిజంగా మరిచిపోయాడో, మర్యాదకు అన్నాడో నాకు అంతుపట్టలేదు.

మొదటి పన్నెండు పుటలు. స్కేలు ఆనించి, అట్టకు తగలకుండా కోయాలి. మూడు వందలసార్లు. తొలి పుస్తకం కోయడానికి పావుగంట పట్టింది. యాభై దాటాక వేళ్ళ నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. కోసినచోట ఇంగ్లీషులో ఒక చీటీ అంటించాం. అందులో ఉన్నది ఇంతే: ఈ పుటల్లోని వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాం. కొలతలు తప్పు. రెండో రివ్యూయర్ జవాబు రాకముందే అచ్చుకు పంపడమూ, సందేహం చెప్పబోయినవాళ్ళ నోరు మూయించడమూ సంపాదకురాలి తప్పు.

బిందుశ్రీ చీటీ రెండుసార్లు చదివింది. "నా పేరు లేదే మేడమ్?"

"నీ వ్యాసమే పోయింది. ఇంకెంత కావాలే నీకు?" అన్నాను. ఆమె జిగురు సీసా మూత తిప్పి, తర్వాతి చీటీ అందుకుంది.

గురువారం పదీ నలభైకి, కెమెరాల ముందు, గురునాథ్‌గారు రిబ్బను విప్పి పుస్తకం పైకెత్తారు. అమావాస్య పటం చూపిద్దామని అట్ట తిప్పారు. మళ్ళీ తిప్పారు.

"మొదటి పేజీ యాడ?" మైకులోనే అడిగారు.

నేను మైకు అందుకున్నాను. "మా పత్రిక పదమూడో పేజీతో మొదలవుతుంది," అని, తడిగుడ్డ సంగతి, నా తొందర, నా నోరు, అన్నీ చెప్పాను. దురుగప్ప పేరు మాత్రం చెప్పలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో నల్ల కళ్ళద్దాలతో కూర్చున్న సీతారామారావుగారు నవ్వలేదు. ఒక కాపీ అడిగి తీసుకుని, పదమూడో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. గురునాథ్‌గారు పుస్తకం బల్ల మీద పెట్టి, ఫొటోకు ఆగకుండా దిగిపోయారు.

"రెండోది నువ్వే ఏసుకో," అన్నారు పోతూ పోతూ, నాకొక్కదానికే వినబడేట్టు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండో సంచిక ఎలా వస్తుందో తెలియదు. డబ్బు ఎవరిస్తారో, ఏం వేస్తామో తెలియదు. చేసింది మంచిపనేనని తెలిసినా గుండె కుదుటపడలేదు. టీ చల్లారిపోయింది. బిందుశ్రీ మిగిలిన కాపీలు మోసుకొస్తూ గుమ్మం దగ్గర కనిపించింది. ఆమె వెనకే హులిగేశ్ వచ్చాడు, చేతిలో తెరిచిన పుస్తకంతో.

"మేడమ్, ఒకటి చెప్తా. కోపం చేసుకోరు కదా?"

"ఏంటది?"

"ముప్పై ఒకటో పేజీలో గ్రాఫు తలకిందులు ఉండాది."

నెత్తురు నెత్తికెక్కింది. మూడు వందలు కోసి, మూడు వందలు అంటించి, చైర్మన్‌ను పోగొట్టుకుని, ఊరందరి ముందూ పరువు తీసుకుని కూర్చుంటే, ఇప్పుడా చెప్పడం! మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. గుమ్మంలో బిందుశ్రీ కట్ట దించకుండా అలాగే నిలబడి నా మొహం చూస్తోంది.

మాట మింగాను.

"యాడప్పా, చూపించు," అన్నాను.

హులిగేశ్ ఒక కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అతను నా ముందు కూర్చోవడం నేను చూడలేదు. పుస్తకం నావైపు తిప్పి, "ఇదొక్కటే కాదు మేడమ్," అన్నాడు. "ఇంకా నాలుగు ఉండాయి."