దీపం దిగాకే మనిషి

మొగులయ్య శవం ఇంకా రోడ్డు మీదే ఉంది. మీద కప్పింది ఒక గోనెపట్టా. ఆ పట్టాను దాటుకుంటూ వచ్చి కాంట్రాక్టరు ఆనందరావు మ్యాన్‌హోల్‌లోకి తొంగిచూశాడు. కేబులు కొస ఎందాకా వచ్చిందో చూసుకుని, వెనక్కి తిరిగి, "ఇంకొకడు దిగండ్రా. సాయంత్రంలోగా అయిపోవాలి" అన్నాడు.

ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు. పాతబస్తీలో మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గేటు ముందు, పట్టపగలు, మా అందరి ఎదుటే అన్నాడు. నేను అక్కడే ఆపరేటర్ని. చావు కబుర్లు, పెళ్లి కబుర్లు, ఏడుపులు, బూతులు అన్నీ విన్న చెవులివి. అంత నింపాదిగా మాట్లాడిన గొంతును మాత్రం అదివరకు వినలేదు.

మురుగు గాలి పీల్చి కూలీ మృతి అని మర్నాడు పేపర్లు రాశాయి. ఆ గాలి కొత్తదేమీ కాదు. కేబుళ్లు అతికే మా జాయింటర్లు ఏళ్ల తరబడి ఆ గాలి మధ్యే పనిచేసి, క్షేమంగా ఇళ్లకు పోయి అన్నం తిన్నారు. అందుకని కార్మికులారా, చదువుకుంటున్న పిల్లలారా, చంపింది ఎవరో మనమే సరిగ్గా చెప్పుకోవాలి.

అది రెండువేల సంవత్సరం, వానాకాలం. ఫోన్ల వ్యాపారాన్ని పోటీకి తెరుస్తామని మన ఢిల్లీ పెద్దలు అంతకుముందే జెనీవా వెళ్లి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు ఒప్పుకుని వచ్చారు. దాని ఫలం మా గేటు దాకా రావడానికి కొంత కాలం పట్టింది. ఒక ప్రైవేటు కంపెనీ ఊరంతా గోతులు తవ్వి పసుపు పైపులు వెయ్యసాగింది. పసుపు పైపు కంపెనీ అనే పిలిచేవాళ్లం. ఆనందరావు వాళ్ల కాంట్రాక్టరే. వాళ్ల ఫోను నుంచి మా ఫోనుకు మాట రావాలంటే వాళ్ల కేబులు మా ఎక్స్ఛేంజీలోకి రావాలి. మా గేటు ముందు మ్యాన్‌హోలే దానికి దారి. దారి ఇవ్వమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇంకోపక్క మా డిపార్ట్‌మెంటునే కంపెనీగా మారుస్తామంటున్నారు. ఇల్లు మనదే, వంట వాడిదే అన్నట్టు తయారైంది.

మా యూనియన్ సెక్రటరీ గోపాలకృష్ణమూర్తిది కృష్ణా జిల్లా. మాట గట్టి, మనిషి నిజాయితీపరుడు. గేటు మీటింగులో జెనీవా ఒప్పందాన్ని ఆయన చీల్చి చెండాడుతుంటే, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు పక్కనే గోతిలో పనిచేస్తూ విన్నారు. మొగులయ్య భార్య సత్తెమ్మ తట్ట దించి అడిగింది.

"సారూ, గా జెనీవల గుడ మట్టి తోడెటోళ్లుంటరా?"

మావాళ్లు నవ్వారు. మూర్తిగారు నినాదం ఎత్తుకున్నారు. ఆ రోజే కమిటీ తీర్మానించింది: పసుపు పైపు పనికి మనవాళ్లెవరూ సాయం చెయ్యకూడదు. నీళ్లు, తాడు, పనిముట్టు, ఏదీ ఇవ్వకూడదు. పోరాటమంటే అదేననుకున్నారు.

ఇక బాబూమియా సంగతి. ఆయన మా పాత జాయింటరు. మ్యాన్‌హోల్ దిగాలంటే ఆయన గ్యాంగుకు ఒక పద్ధతి ఉంది. ముందు దాని మూతతో పాటు అటువైపు, ఇటువైపు మ్యాన్‌హోళ్ల మూతలు కూడా తీసిపెట్టాలి. అందరూ పోయి చాయ్ తాగి రావాలి. తర్వాత చుట్టూ జాలీ ఉన్న దీపం వెలిగించి తాడుతో దింపాలి. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. ఆరితే మళ్లీ చాయ్. తొందరపెట్టే ఇంజినీర్లతో, "చిరాగ్ ఆరినకాడ ఆద్మీ బతుకుతడా సాబ్? గంత జల్దీ ఉంటే మీరే లోపటికి తశ్రీఫ్ తీస్కపోండ్రి" అనేవాడు. వాళ్లు నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లు.

ఆ ఉదయం మొగులయ్య గేటు దగ్గరికి వచ్చాడు. ముందురోజు కురిసిన వానకు మోరీ మురుగునీళ్లు మ్యాన్‌హోల్‌లోకి ఊరాయి.

"భాయ్, నీ దీపం జరసేపు ఇస్తవా? లోపట ఏందో వాసనొస్తున్నది" అని బాబూమియాను అడిగాడు.

బాబూమియా ఇద్దామని దీపం అందుకున్నాడు. మూర్తిగారు అడ్డం వచ్చారు.

"కమిటీ నిర్ణయం, బాబూమియా. ఇవాళ దీపం ఇస్తే రేపు ప్రారంభోత్సవంలో మంత్రిగారు వాళ్ల ఫోన్లో హలో అంటారు. శత్రువుకి మనమే దారి చూపిస్తామా?"

"నేను దుష్మన్‌నా సారూ?" మొగులయ్యకు నవ్వొచ్చింది. "మట్టి తోడెటోన్ని."

గోతి దగ్గర ఆనందరావు అరుస్తున్నాడు. మొగులయ్య పరుగున వెళ్లి నడుముకు తాడు కట్టుకుని దిగాడు. తాడు రెండో కొస సత్తెమ్మ చేతిలో ఉంది. కాసేపటికి ఆమె పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచి, కేకపెట్టి, కూలీలందరితో కలిసి లాగింది. బాబూమియా పక్క మూతలు తీసేలోపే మొగులయ్య పైకి వచ్చాడు. ఊపిరి లేదు.

అప్పుడన్నమాట, ఆనందరావు ఇంకొకణ్ణి దిగమన్నది.

వచ్చిన ఇన్‌స్పెక్టరుతో, "తాగి దిగాడండీ, జారిపడ్డాడు" అన్నాడు. శవాన్ని పాలమూరు తోలెయ్యడానికి లారీ కూడా రివర్సులో వస్తోంది. లారీ ఎక్కితే మొగులయ్య ఎప్పటికీ తాగుబోతే. ఆ గుంటలోకి ఇంకో మనిషి దిగక తప్పదు.

మా గేటు లోపల గొడవ మొదలైంది.

"ప్రైవేటు లేబరు వాడు. మన మెంబరు కాదు. మనమెందుకు పోవాలి?" అన్నాడు కమిటీ మెంబరు లక్ష్మీకాంత్.

బాబూమియా దీపాన్ని పైకెత్తాడు. "మెంబర్ కాదా? దమ్ ఆపే గాలి కార్డు చూస్తదా బే? చిరాగ్ నా చేతుల ఉండె. మీ తీర్మానం నా చెయ్యి పట్టుకున్నది. థూ, లానత్ గసొంటి తీర్మానం మీద!"

మూర్తిగారు గేటు దాటి సత్తెమ్మ ముందు నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు చూడ్డం నాకదే మొదటిసారి.

"తప్పు మాదమ్మా. కంపెనీని కొట్టబోయి మీ మీద పడ్డాం."

సత్తెమ్మ తలెత్తింది. "నీ తప్పు ఎన్క ఒప్పుకుందువుగాని సారూ. ఫస్టు గా లారీనాపు."

ఆపాం. మూర్తిగారు వెనక చక్రానికి అడ్డంగా కూర్చున్నారు. పక్కన నేను, నా పక్కన లక్ష్మీకాంత్. సీట్లు వదిలేసి ఆపరేటర్లు వచ్చారు. తట్టలు విసిరేసి కూలీలు వచ్చారు. గౌలిపుర పాలవాళ్లు క్యాన్లు దించి లారీకి అడ్డం పెట్టారు. ధూల్‌పేట్ నుంచి గణపతులకు రంగులేసే వాళ్లు ఆ రంగు చేతులతోనే వచ్చారు. లారీ కదల్లేదు.

"పబ్లిక్ పని ఆపితే అందర్నీ లోపలేస్త" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లోపల చెడ్డ గాలీ లేదు, గీలీ లేదు సార్. ఉత్త నాటకం" అన్నాడు ఆనందరావు. ఒక కూలీ భుజం పట్టి గుంటవైపు నెట్టాడు.

సత్తెమ్మ లేచింది. బాబూమియా చేతిలోంచి దీపం తీసుకుంది. ఆయన వెలిగించి ఇచ్చాడు. మొగులయ్య నడుము నుంచి విప్పిన తాడునే దానికి కట్టింది. మ్యాన్‌హోల్ అంచున కూర్చుని మెల్లగా దింపసాగింది. అందరం చుట్టూ మూగి వంగి చూస్తున్నాం. ఇన్‌స్పెక్టరు కూడా వంగాడు.

దీపం మొదటి మెట్టు దాటింది. చిన్నదైంది. ఆరిపోయింది.

సత్తెమ్మ తాడు వదల్లేదు. ఆనందరావు ముఖంలోకి చూసింది. "గాలి లేదంటివి గదా. ఇగ నువ్వు దిగు."

అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగును బజారంతా చూసింది.

"దిగు!" అన్నాడు అతను నెట్టిన కూలీ. "దిగు!" అన్నారు అందరూ. "దీపమేది? మా దీపమేది?" అని పాలమూరు గొంతులు లేచాయి. మా గొంతులూ కలిశాయి. నా గొంతు ఏదో, వాళ్లది ఏదో తెలియలేదు. మూర్తిగారి కొత్త నినాదం అదే. ఆయన రాసింది కాదు.

లాఠీలు లేచాయి. బాబూమియా తల పగిలింది. మూర్తిగారిని, సత్తెమ్మను, మావాళ్లనూ కూలీలనూ కలిపి వ్యానెక్కించారు. దీపాన్ని కూడా పట్టుకుపోయి మారణాయుధమని రాసుకున్నారు. రాసుకోనీ. శవం మాత్రం ఆ లారీ ఎక్కలేదు. అంతమంది కళ్ల ముందు దీపం ఆరాక తాగి పడ్డాడని రాయడానికి ఇన్‌స్పెక్టరుకు చెయ్యి రాలేదు. పోస్టుమార్టానికి పెద్దాసుపత్రికి పంపక తప్పలేదు. మర్నాడు మంత్రిగారి హలో కోసం పెట్టిన ఫోను మోగలేదు.

ఆ మర్నాడే సంతోష్‌నగర్‌లో పసుపు పైపు గోతి దగ్గర కూలీలు గునపాలు పక్కన పెట్టి కూర్చున్నారట. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు, చివరికి ఏం కావాలని అడిగాడు.

వాళ్లలో ఎవరూ మొగులయ్యను ఎరగరు.

"దీపం తే" అన్నారు.