అమ్మా, ఇనపడతందా

మంగ ఆ ఆదివారం మొగుడి క్యాంపు ఉన్న అల్ వర్సాన్‌కి బస్సెక్కింది పాట వినడానికి కాదు, కూతురి గొంతు వినడానికి.

మూడేళ్ల కిందట, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ మే నెలలో, రాజోలులో పెద్దమ్మ దగ్గరున్న ఏడేళ్ల కెజియాకి జ్వరం వచ్చింది. దుబాయ్‌లో అమ్మ పనిచేసే విల్లాలో, పని అయ్యేదాకా ఫోను మేడమ్ అలమరలోనే ఉంటుందని ఆ పిల్లకి తెలుసు. అందుకే అక్కడే వేరే క్యాంపులో ఉండే నాన్న ఫోనుకి వాయిస్ మెసేజ్ పెట్టింది, అమ్మకి వినిపించమని. మర్నాటికి పిల్ల లేదు. ఊరికి వెళ్తే ఖలాస్, మళ్లీ రానక్కర్లేదంది మేడమ్. "ఇప్పుడు ఇనలేను మావా. గుండె గట్టిపడ్డాక ఇంటాను, దాచు" అంది మంగ మొగుడితో. దాస్తానన్నాడు అప్పాజీ.

అప్పాజీ సంగతీ చెప్పాలి. ఊళ్లో చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఇక్కడికొచ్చాక లేబర్ క్యాంపులో రెగే పాటలు కట్టే ఉగాండా సెక్యూరిటీ గార్డు జోసెఫ్ చేతిలో పడ్డాడు. రెగే అంటే ఏంటని మంగ అడిగితే, "మొదటి దెబ్బ కొట్టకుండా వదిలెయ్యాలి, అదే" అన్నాడు. కొట్టకుండా ఉండటానికి కూడా గురువు కావాలా అని నవ్విందామె. కావాల్సే వచ్చింది. చిన్నప్పట్నుంచీ మొదటి దెబ్బ మీదే పడిన చేతికి ఆగడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మొదట్లో మూడు రంగుల టోపీ పెట్టి, జమైకా పాటల్ని అర్థం తెలియకుండా దించేవాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని మంగ ఏడిపించేది. పిల్ల పోయాక టోపీ తీసేశాడు. పాట నెమ్మదించింది, తెలుగులోకి వచ్చింది. ఆ పాటలకి క్యాంపంతా వస్తుందని జోసెఫ్ చెప్పేవాడు గానీ, మంగకి సెలవు ఎవరిచ్చారు?

ఇన్నాళ్లకి దొరికింది. "ఈ ఆదివారం వత్తన్నాను మావా. ఇంటాను" అని ఫోన్ చేస్తే, ఏ బస్సుకని రెండుసార్లు అడిగాడు అప్పాజీ. తర్వాత రమ్మన్నాడు.

ఆమె వెళ్లేసరికి సాయంత్రమైంది. క్యాంపు మైదానం కిక్కిరిసి ఉంది, అప్పాజీ స్టేజీ మీదున్నాడు. డ్రమ్ము సన్నగా మొదలైంది. అంతలో స్పీకర్లలోంచి వచ్చింది.

"అమ్మా, ఇనపడతందా?"

కెజియా గొంతు. మంగ ఇనప కంచె పట్టుకుంది. గొంతు మళ్లీ అడిగింది. బెంగాలీలు, నేపాలీలు, మనవాళ్లు, వందలమంది ఒక్కసారిగా "ఇనపడతంది" అని పలికారు. ఇంటికి చేసే ప్రతి ఫోనూ ఆ ముక్కతోనే మొదలయ్యే మనుషులు, ఏ భాష అయితేనేం, నేర్చేసుకున్నారు. మంగకి ఒళ్లు మండిపోయింది. నా పిల్ల నన్నడిగితే వీళ్లెవరు పలకడానికి అనుకుంది.

పాటవగానే స్టేజీ వెనక్కి వెళ్లింది.

"మిగతాది పెట్టు మావా."

అప్పాజీ తలెత్తలేదు. "అంతే ఉంది మంగా. పాట కోసమని ఆ ముక్క కోసి జోసెఫ్ ల్యాప్‌టాప్‌లో దాచాం. తర్వాత నా ఫోను నీళ్లలో పడి పోయింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

"నువ్వు ఇన్నావుగా. ఏం చెప్పిందో చెప్పు."

"వెయ్యిసార్లు ఇన్నాను. పాట కట్టడానికి ఇన్నాను. ఎక్కడ లేత్తాదో, ఎక్కడ దిగుద్దో, ఎక్కడ దగ్గిందో అంతా ఉంది. మాటలే గుర్తు లేవు. కోడిపెట్ట గురించి ఏదో..." అని ఆగిపోయాడు.

కొట్టాలనిపించింది మంగకి. చెయ్యి లేవలేదు. "ఉన్నదే అను" అంది.

అతను కళ్లు మూసుకుని కూనిరాగం తీశాడు. అచ్చం కెజియా మాట్లాడినట్టే లేచింది, ఒకచోట దగ్గింది, చివర్న ఏదో అడుగుతున్నట్టు పైకెళ్లి ఆగింది. మంగ చున్నీ నోట్లో కుక్కుకుని విన్నది. పిల్ల ఏం అడిగిందో ఈ జన్మకిక తెలియదు.

"యల్లా, పద అప్పాజీ భాయ్" అని జోసెఫ్ పిలిచాడు. జనం మళ్లీ అదే పాట కావాలంటున్నారు. అప్పాజీ వద్దన్నట్టు తలూపాడు.

"వెయ్యి" అంది మంగ. "అడిగింది నన్ను."

ఈసారి ముందుకెళ్లి నిలబడింది. మొదటి దెబ్బ వదిలేసి డ్రమ్ము ఎత్తుకుంది.

"అమ్మా, ఇనపడతందా?"

వందల గొంతులు లేచాయి. వాటి కింద ఎవరికీ వినపడకుండా, "ఇనపడతందమ్మా, చెప్పు" అంది మంగ.

పాట తిరిగొచ్చి మళ్లీ అదే అడిగింది.